కొటేషన్‌లో ఐదు లక్షలు.. కట్టేది ఆరు లక్షల 75 వేలు!

ఎలక్ట్రిక్ కారు కొనబోయేవాళ్లు షోరూంలో అడిగే మొదటి ప్రశ్న ‘ఒక్కసారి చార్జింగ్ చేస్తే ఎంత దూరం పోతది?’ అని. రెండోది ‘బ్యాటరీ పోతే ఎంతవుతది?’ అని. మొదటిదానికి అంకె చెప్తారు. రెండోదానికి మాత్రం ‘ఎనిమిదేళ్ల వారంటీ ఉంది సార్, దాని గురించి మీకెందుకు’ అని మాట దాటేస్తారు. ఎనిమిదేళ్లంటే చాలా దూరం అనిపిస్తుంది. కానీ మన దేశంలో ఎక్కువమంది కొన్న తొలి ఎలక్ట్రిక్ కార్లలో ఒకటైన టాటా నెక్సాన్ ఈవీ మార్కెట్లోకి వచ్చింది 2020 జనవరిలో. దాని బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. అంటే తొలి కార్ల గడువు 2028 జనవరి నుంచి వరుసగా తీరిపోతుంది. వాటిలో కొన్ని మన కోస్గి, కొడంగల్, నారాయణపేట వైపు సెకండ్ హ్యాండ్‌లో వస్తాయి. అప్పుడు బ్యాటరీ మార్చాల్సి వస్తే బిల్లు ఎలా ఉంటుందో ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

‘ఏది ముందైతే అది’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. 1,60,000 కిలోమీటర్లను ఎనిమిదేళ్లకు పంచితే ఏడాదికి 20,000, రోజుకు 55 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్లకు అది సరిపోతుంది. కోస్గి నుంచి మహబూబ్‌నగర్‌కు రోజూ పోయొచ్చే ఉద్యోగినో వ్యాపారినో తీసుకోండి. పోనూ రానూ ఓ 90 కిలోమీటర్లు అనుకుందాం. ఏడాదికి 300 రోజులు తిరిగితే 27,000. ఆ లెక్కన వారంటీ ఆరేళ్లలోపే అయిపోతుంది. కాగితం మీద ఎనిమిది ఉన్నా మన రోడ్డు మీద అది ఆరే. ఈమధ్య కొన్ని మోడళ్లకు టాటా, ఎం.జి. లాంటి కంపెనీలు ‘లైఫ్‌టైమ్’ వారంటీ అంటున్నాయి. టాటా లెక్కలో లైఫ్‌టైమ్ అంటే రిజిస్ట్రేషన్ నాటి నుంచి 15 ఏళ్లు, అదీ మొదటి యజమానికే. కారు చేయి మారితే వారంటీ కూడా మారుతుంది. సెకండ్ హ్యాండ్ బండి చూసేవాళ్లు ముందు అడగాల్సింది ఇదే.

ఇక బిల్లు సంగతి. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి, ఏ కంపెనీ ధరలూ కావు. కొటేషన్‌లో బ్యాటరీ ప్యాక్ ధర 5,00,000 రూపాయలు అని ఉందనుకుందాం. ప్యాక్ అంటే కారు కింద నేలబారున బిగించి ఉండే పెద్ద పెట్టె. లోపల చిన్న చిన్న సెల్స్ ఉంటాయి. కొన్ని సెల్స్‌ను కలిపి కట్టిన గుత్తి మాడ్యూల్. మాడ్యూళ్లన్నీ పేర్చి, వాటిని కనిపెట్టుకుని ఉండే ఎలక్ట్రానిక్ బోర్డును జోడిస్తే అది ప్యాక్. ఆ బోర్డునే బీఎంఎస్ అంటారు. ఏ సెల్ వేడెక్కుతోంది, దేనిలో చార్జింగ్ తక్కువుందో అదే చూస్తుంది.

ఐదు లక్షలకు జీఎస్టీ 18 శాతం, 90,000. బిగింపు కూలి 15,000, దాని మీద పన్ను 2,700. కూలెంట్, కొత్త సీళ్లు, కొత్త బోల్టుల కింద 8,000, పన్ను 1,440. కదలని కారును హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కు ఎక్కించుకుపోయిన బండికి 8,000. పాత బ్యాటరీ వాపసు ఇచ్చేదాకా డిపాజిట్ 50,000. అన్నీ కూడితే 6,75,140 రూపాయలు. డిపాజిట్ తిరిగొస్తే అసలు ఖర్చు 6,25,140. రాకపోతే 6,75,140 ఖర్చే. ఐదు లక్షలకు సిద్ధపడి వెళ్లినవాళ్లు లక్షా డెబ్బై ఐదు వేలు అప్పటికప్పుడు సర్దాలి. గ్రామంలో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఆ సర్దుబాటుకే నెలకు 3,500.

వీటిలో అన్నిటికన్నా పెద్దది పన్ను. ‘ఎలక్ట్రిక్ బండికి 5 శాతమే కదా జీఎస్టీ?’ అంటారా? నిజమే. 2019 ఆగస్టు 1 నుంచి ఎలక్ట్రిక్ వాహనానికి 5 శాతమే. కారు కొన్నప్పుడు బ్యాటరీ కూడా కారులో భాగంగా ఆ 5 శాతంలోనే వచ్చింది. అదే బ్యాటరీని రేపు విడిగా కొంటే అది విడిభాగం, 18 శాతం. ఐదు లక్షల మీద 5 శాతం 25,000, 18 శాతం 90,000. తేడా 65,000 రూపాయలు. ఒకే వస్తువు, ఒకే కారు, బిల్లు మీద పేరు మారితే అరవై ఐదు వేలు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు ఇచ్చిన రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు కూడా కొత్త బండికే. బ్యాటరీ మార్పిడికి దాంతో సంబంధం లేదు. పాత కారును మరో పదేళ్లు నడిపించుకునేవాడికి కొత్త కారు కొనేవాడికన్నా ఎక్కువ పన్ను వేయడం నా దృష్టిలో అన్యాయమే. కానీ ప్రస్తుతం రూలు అది.

పన్నులో ఇంకో చిక్కు ఉంది. పాత బ్యాటరీ ఇస్తే ధర తగ్గిస్తామంటారు. తగ్గించాక మిగిలినదాని మీదే పన్ను పడుతుందని అనుకుంటాం. జీఎస్టీ రూల్స్‌లో 27వ రూలు అలా చెప్పదు. అందులో ఉదాహరణ కూడా ఇచ్చారు: పాత ఫోన్ తీసుకుని కొత్త ఫోన్ 20,000కు అమ్మినా, పాతది ఇవ్వకపోతే దాని ధర 24,000 అయితే, పన్ను లెక్కకు 24,000నే తీసుకోవాలి. బ్యాటరీకీ ఇదే. 50,000 ఎక్స్ఛేంజ్ తగ్గించారనుకోండి, పన్ను నాలుగున్నర లక్షల మీద 81,000 కాదు, ఐదు లక్షల మీద 90,000. షాపతను మోసం చేస్తున్నాడని అతనితో గొడవకు దిగకండి.

డిపాజిట్ విషయంలో మాత్రం చట్టం మన పక్షాన ఉంది. తిరిగి ఇచ్చే షరతు మీద తీసుకున్న డిపాజిట్‌ను, అమ్మినవాళ్లు దాన్ని ధర కింద జమ చేసుకునేదాకా, చెల్లింపుగా లెక్కించకూడదని జీఎస్టీ చట్టంలోనే ఉంది. అంటే దాని మీద పన్ను వేయకూడదు. కొటేషన్‌లో డిపాజిట్‌ను కూడా బ్యాటరీ ధరలో కలిపేసి మొత్తం మీద 18 శాతం వేస్తే యాభై వేలకు 9,000 అదనంగా పడుతుంది. డిపాజిట్ తిరిగొచ్చినా ఆ తొమ్మిది వేలు తిరిగి రావడం కష్టం. అందుకని డిపాజిట్ వేరే వరుసలో, వీలైతే వేరే రసీదు మీద ఉండాలని అడగండి.

అసలు ఈ డిపాజిట్ ఎందుకు? గ్యాస్ కనెక్షన్ గుర్తుచేసుకోండి. 2022 జూన్ నుంచి 14.2 కిలోల సిలిండర్‌కు డిపాజిట్ 2,200 రూపాయలు. సిలిండర్ మనది కాదు, కంపెనీది. కనెక్షన్ వదులుకుంటే సిలిండర్, రెగ్యులేటర్, వోచర్ ఇచ్చి పైసలు వెనక్కి తీసుకుంటాం. వోచర్ పోతే నానా తిప్పలు. బ్యాటరీ డిపాజిట్ కూడా అదే పద్ధతి: పాతది మా చేతికొచ్చేదాకా మీ పైసలు మా దగ్గర ఉంటాయి అని. ఒక్క తేడా ఏంటంటే, గ్యాస్ డిపాజిట్ అందరికీ తెలిసిన లెక్క. బ్యాటరీకి ఎంత డిపాజిట్, ఎన్నాళ్లకు తిరిగివ్వాలి అన్నదానికి అలాంటి ఉమ్మడి లెక్కేమీ లేదు. కాగితం మీద ఏం రాస్తే అదే.

కోస్గిలో ఏ బ్యాటరీ షాపుకెళ్లినా ఇన్వర్టర్ బ్యాటరీకో ట్రాక్టర్ బ్యాటరీకో రెండు ధరలు చెప్తారు: పాతది ఇస్తే ఒకటి, ఇవ్వకపోతే ఒకటి. పాతదాన్ని అక్కడే తూకం వేసి, సీసం ధర చూసి తగ్గిస్తారు. వ్యవహారం ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. కారు బ్యాటరీ అలా కాదు. రెండు మూడు క్వింటాళ్ల బరువు, మూడు వందల వోల్టుల కరెంటు. ఇప్పినవాడొకడు, తీసుకుపోయేవాడొకడు, పరీక్షించేవాడు మరొకడు. ఆ మధ్యకాలమంతా మన యాభై వేలు గాల్లో ఉంటాయి.

అమెరికాలో ఈ పద్ధతి పాతదే. అక్కడి గ్యారేజీల్లో దాన్ని ‘కోర్ చార్జ్’ అంటారు. స్టార్టర్ మోటార్ నుంచి హైబ్రిడ్ కారు బ్యాటరీ దాకా చాలా భాగాలకు ఉంటుంది. 2014లో నిస్సాన్ కంపెనీ తన లీఫ్ కారుకు కొత్త బ్యాటరీ ధర 5,499 డాలర్లని ప్రకటించింది. అప్పటి మారకంలో సుమారు 3 లక్షల 30 వేల రూపాయలు. పైకి కనిపించేది ఆ అంకే. కింద చిన్న అక్షరాల్లో ఉన్నది ఇదీ: పాత బ్యాటరీకి 1,000 డాలర్ల విలువ కట్టి, దాన్ని తగ్గించాక వచ్చిన ధర అది. పాతది ఇవ్వడం తప్పనిసరి. 2011, 2012 మోడళ్లకు కొత్త ప్యాక్ నేరుగా పట్టదు, దానికి 225 డాలర్ల కిట్ అదనం. పన్ను, సుమారు మూడు గంటల కూలి వేరే. అక్కడి మనవాళ్లు చవగ్గా వచ్చిందని పాత లీఫ్ కొనేముందు చూసుకోవాల్సిన వరుసలు ఇవి. పదేళ్ల తర్వాత మన కొటేషన్‌లో కనిపించేవీ ఇంచుమించు ఇవే.

కంపెనీకి పాత బ్యాటరీ ఎందుకంత కావాలి అన్న అనుమానం రావచ్చు. రెండు కారణాలు. మొదటిది చట్టం. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చినవాళ్లే పాతవాటిని సేకరించి రీసైక్లింగ్ చేయించాలి. రీసైక్లింగ్‌లో ఎలక్ట్రిక్ వాహన బ్యాటరీ నుంచి తిరిగి రాబట్టాల్సిన పదార్థం వాటా 2024-25లో 70 శాతంతో మొదలై 2026-27 నుంచి 90 శాతం. సేకరణ కోసం డిపాజిట్ పద్ధతో, తిరిగి కొనే పద్ధతో పెట్టుకోవచ్చని ఆ నియమాలే చెప్తున్నాయి. కాబట్టి డిపాజిట్ అడగడం తప్పు కాదు.

రెండోది విలువ. కారుకు పనికిరాని బ్యాటరీ అంటే చచ్చిన బ్యాటరీ కాదు. సామర్థ్యం 70 శాతానికి పడితే చాలా కంపెనీలు మార్చాల్సిన గీతగా చూస్తాయి. 30.2 యూనిట్లు పట్టే బ్యాటరీలో 70 శాతమంటే ఇంకా 21 యూనిట్లు పడుతుంది. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిటే. ఇంట్లో వాడే 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో పట్టేది 1.8 యూనిట్లు. అంటే మనం ‘అయిపోయింది’ అని ఇచ్చేసే పెట్టెలో దాదాపు పన్నెండు ఇన్వర్టర్ బ్యాటరీల కరెంటు నిల్వ ఉంటుంది. సోలార్ ప్లాంట్ల దగ్గర, సెల్ టవర్ల దగ్గర దానికి రెండో బతుకు ఉంది. పాతదానికి కంపెనీ ఇచ్చే విలువ మీద బేరమాడేటప్పుడు ఈ లెక్క మనసులో పెట్టుకోండి. ఒక్క మాట: నెక్సాన్, ఎం.జి. విండ్సర్ లాంటి కార్లలో వాడే ఎల్ఎఫ్‌పీ రకం సెల్స్‌లో నికెల్, కోబాల్ట్ ఉండవు. ఆ రకం ఎక్కువకాలం మన్నుతుంది గానీ, తుక్కు కింద పలికే ధర తక్కువ.

‘అయితే పాతదాన్ని నేనే ఉంచుకుని ఇంటికి వాడుకుంటా’ అనే ఆలోచన మన ఊళ్లలో కరెంటు పని తెలిసిన చాలామందికి వస్తుంది. వద్దనే చెప్తాను. కారు కిందికి వంగి చూస్తే నారింజ రంగు తొడుగున్న లావు కేబుళ్లు కనిపిస్తాయి. ఆ రంగు అలంకారం కాదు, హై వోల్టేజీ అనే హెచ్చరిక. ఇంటి ఇన్వర్టర్ 12, 24 వోల్టులది. ఇది 300 దాటినది, తగిలితే ప్రాణానికే ముప్పు. బీఎంఎస్ లేకుండా మాడ్యూళ్లను విడదీసి చార్జింగ్ పెడితే మంట అంటుకునే ప్రమాదం ఉంది. అంటుకుంటే మామూలు బకెట్ నీళ్లతో ఆరేది కాదు. తుక్కు కొట్టుకు అమ్మడమూ కుదరదు. వినియోగదారు పాత బ్యాటరీని మామూలు చెత్తతో కలపకుండా సేకరణకో రీసైక్లింగ్‌కో అధికారం ఉన్నవాళ్లకే ఇవ్వాలని అవే నియమాలు చెప్తున్నాయి.

బయటి మెకానిక్ సంగతేమిటి? మొత్తం ప్యాక్ బదులు పాడైన మాడ్యూల్ ఒక్కటే మార్చడం సాధ్యమే. పేరున్న వర్క్‌షాపులు హైదరాబాద్‌లో ఆ పని చేస్తున్నాయి కూడా. ఖర్చు బాగా తగ్గవచ్చు. కానీ వారంటీ బతికున్నంతకాలం సీలు తెరవనివ్వకండి. తెరిచిన ప్యాక్‌కు వారంటీ పోతుంది, డిపాజిట్‌లోనూ కోత పడుతుంది. వారంటీ అయిపోయాక మాత్రం ముందు మాడ్యూల్ మరమ్మతు గురించి అడగండి, ఆ తర్వాతే ప్యాక్ ధర. బండి అసలు స్టార్టే కాకపోతే అంతకన్నా ముందు ఇంకోటి చూడాలి. దాదాపు ప్రతి ఎలక్ట్రిక్ కారులోనూ మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. లైట్లు, లాకులు, కంప్యూటర్లు దాని మీదే లేస్తాయి. అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు లేవదు. దాన్ని కొన్ని వేలల్లో కోస్గిలోనే మార్చుకోవచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి లెడ్ బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కూడా.

రవాణా ఖర్చు పట్టణంలో ఉన్నవాళ్లకు పెద్దగా లెక్కలోకి రాదు. మనకు వస్తుంది. కోస్గి నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు దాటుతుంది. ఎలక్ట్రిక్ కారును తాడు కట్టి చక్రాల మీద లాక్కుపోకూడదు. చక్రం తిరిగితే మోటార్ తిరుగుతుంది, మోటార్ తిరిగితే కరెంటు పుడుతుంది. పూర్తిగా లారీ మీదికి ఎక్కించే బండే కావాలి. అది హైదరాబాద్ నుంచి ఖాళీగా వచ్చిన కిరాయి కూడా మనమీదే వేస్తారు. కారు కంపెనీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో ఉచితంగా తీసుకెళ్లే దూరం ఎంతో చూడండి. దానికి పరిమితి ఉంటుంది. పాత బ్యాటరీని అక్కడి నుంచి గోదాముకు చేర్చే కిరాయి ఎవరిదో కూడా అడగాలి. లిథియం బ్యాటరీ ప్రమాదకర సరుకుల జాబితాలో 9వ తరగతి కిందికి వస్తుంది. పగిలినదో ఉబ్బినదో అయితే ప్యాకింగ్, కిరాయి ఇంకా పెరుగుతాయి. ఆ ఖర్చును డిపాజిట్‌లోంచి మినహాయించుకుంటామని షరతుల్లో రాసి ఉంటే, యాభై వేలలో చేతికొచ్చేది ఎంతో సంతకానికి ముందే అడగండి.

ఇన్సూరెన్స్ ఇవ్వదా? ఇస్తుంది, కానీ ప్రమాదం లాంటివాటికే. బ్యాటరీ ముసలిదై బలం తగ్గితే ఇన్సూరెన్స్ రాదు. రాయి తగిలి పగిలితే వారంటీ రాదు. ఈ రెండింటి మధ్య సందులో పడేవాళ్లు చాలామంది. ప్రమాదం కిందే క్లెయిమ్ వచ్చినా, మన మోటార్ పాలసీల్లో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో పాటు బ్యాటరీలకు కూడా 50 శాతం తరుగు కోస్తారు. ఐదు లక్షల బ్యాటరీకి రెండున్నర లక్షలు మన జేబులోంచే. జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవరు తీసుకుంటే ఆ కోత ఉండదు, కానీ బండి ఐదేళ్లు దాటాక ఆ కవరును చాలా కంపెనీలు ఇవ్వవు. సరిగ్గా బ్యాటరీ గురించి బెంగ మొదలయ్యే వయసులో రక్షణ తగ్గిపోతుందన్నమాట. వరదనీళ్లలో మునిగిన బ్యాటరీకి వేరే కవరు ఉంటుంది. దాన్ని రెన్యువల్ రోజున అడిగి తీసుకోండి.

ఈ తలనొప్పంతా లేకుండా బ్యాటరీని అద్దెకు తీసుకునే పద్ధతి ఒకటి వచ్చింది. 2024 సెప్టెంబర్‌లో ఎం.జి. విండ్సర్ కారు రెండు ధరలతో వచ్చింది. బ్యాటరీ లేకుండా 9.99 లక్షలు, ఆపై నడిపిన ప్రతి కిలోమీటరుకు 3.50 రూపాయలు. బ్యాటరీతో కలిపి 13.50 లక్షలు. తర్వాత ధరలు మారాయి గానీ లెక్క నేర్చుకోవడానికి ఇవి చాలు. తేడా 3,51,000. దాన్ని 3.50తో భాగిస్తే 1,00,286. లక్ష కిలోమీటర్ల దాకా అద్దె లాభం, దాటాక నష్టం. మహబూబ్‌నగర్ పోయొచ్చే మన ఉద్యోగి నెలకు 25 రోజులు తిరిగితే 2,250 కిలోమీటర్లు, అద్దె 7,875. మూడేళ్ల తొమ్మిది నెలల్లో లక్ష దాటేస్తాడు. తక్కువ తిరిగేవాళ్లకు లాభమా అంటే అదీ కాదు. నెలకు కనీసం 1,500 కిలోమీటర్ల అద్దె, అంటే 5,250 కట్టాల్సిందేనన్న షరతు పెట్టారు. నెలకు 600 కిలోమీటర్లే తిరిగే ఇల్లు కూడా 5,250 కడితే కిలోమీటరుకు 8.75 పడినట్టు. ఐదున్నరేళ్లలో ఆ మూడున్నర లక్షలూ కట్టేస్తారు, కారు తిరిగింది నలభై వేలే అవుతుంది, బ్యాటరీ మాత్రం తమది కాదు.

న్యాయంగా ఇంకో లెక్క కూడా చెప్పాలి. ఆ 3.51 లక్షలు చేతిలో లేక 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ తీసుకుంటే నెలకు సుమారు 7,290 కిస్తీ, మొత్తం 4.37 లక్షలు. అప్పుడు సరిపోలే దూరం లక్షా 25 వేల కిలోమీటర్లకు జరుగుతుంది. కాబట్టి అద్దె పద్ధతి మోసమని కొట్టిపారేయను. నెలకు 1,500కు కాస్త అటూ ఇటూ తిరుగుతూ, నాలుగైదేళ్లకు బండి మార్చేవాళ్లకు అది మంచిదే. మన ఆర్టీసీ కూడా 2019లో ఎయిర్‌పోర్టు రూట్లలో 40 ఎలక్ట్రిక్ బస్సులను కిలోమీటరుకు ఇంత అనే అద్దె మీదే తెచ్చింది, బ్యాటరీ బెడద నడిపే కంపెనీకే వదిలేసి. అద్దె పద్ధతిలో చేరేవాళ్లు డిపాజిట్ ఉందా, మధ్యలో మానేస్తే ఏం పోతుంది, కారు అమ్మితే అద్దె ఒప్పందం కొన్నవాడికి బదిలీ అవుతుందా అన్న మూడు విషయాలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. మన ఊళ్లో కార్ల కన్నా ఎక్కువున్న ఎలక్ట్రిక్ స్కూటర్లకూ ఇదే అద్దె పద్ధతి వచ్చేసింది. 2025 జులైలో హీరో విడా వీఎక్స్2 గో స్కూటర్ బ్యాటరీతో 99,490, బ్యాటరీ అద్దెకైతే 59,490 ప్లస్ కిలోమీటరుకు 96 పైసలు అని వచ్చింది. నలభై వేల తేడాను మీరు రోజూ తిరిగే దూరంతో ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చు.

‘ఇంకొన్నాళ్లు ఆగితే బ్యాటరీలే చవకవుతాయి, మన దివిటిపల్లిలోనే ఫ్యాక్టరీ వస్తోంది కదా’ అనేవాళ్లూ ఉన్నారు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా గిగా కారిడార్‌కు 2023 మే 6న శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి, ఏడాదికి 16 గిగావాట్ అవర్ల సెల్స్ అన్నది లక్ష్యం. గిగావాట్ అవర్ అంటే పది లక్షల యూనిట్లు. కారుకు 40 యూనిట్ల బ్యాటరీ అనుకుంటే పదహారు గిగావాట్ అవర్లు ఏడాదికి నాలుగు లక్షల కార్లకు సరిపోతాయి. ధరలు కూడా నిజంగానే తగ్గుతున్నాయి. బ్లూమ్‌బెర్గ్ ఎన్ఈఎఫ్ సర్వే ప్రకారం 2010లో యూనిట్‌కు వెయ్యి డాలర్లు దాటి ఉన్న ప్యాక్ సగటు ధర 2024లో 115 డాలర్లకు వచ్చింది. డాలరు 85 రూపాయల లెక్కన 30 యూనిట్ల ప్యాక్ 2 లక్షల 93 వేలు. అయితే అది కంపెనీలు వేల సంఖ్యలో కొనే టోకు ధర. మనకు ఒక్క ప్యాక్ విడిభాగంగా వస్తుంది. దానిలో గోదాము, రవాణా, డీలర్ లాభం, ఆపై 18 శాతం కలుస్తాయి. ఫ్యాక్టరీ దగ్గర్లోనే ఉన్నంత మాత్రాన ఆ వరుసలు చెరిగిపోవు. పైగా ఏడెనిమిదేళ్ల కింద ఆగిపోయిన మోడల్ ప్యాక్ తక్కువగా తయారవుతుంది కాబట్టి మార్కెట్ ధర తగ్గినంత వేగంగా దాని ధర తగ్గదు.

ఇదంతా విని ఎలక్ట్రిక్ కారు వద్దనుకోనక్కర్లేదు. జియోటాబ్ అనే సంస్థ 2024లో వేల వాహనాల సమాచారం చూసి, బ్యాటరీ సామర్థ్యం సగటున ఏడాదికి 1.8 శాతం తగ్గుతోందని లెక్కగట్టింది. ఎనిమిదేళ్లకు పధ్నాలుగున్నర శాతం. మన ఎండలకు అది కొంత ఎక్కువే కావచ్చు. అయినా చాలా బ్యాటరీలు వారంటీ కాలం దాటి పనిచేస్తాయి. ఈ బిల్లు అందరికీ రాదు, వచ్చినవాళ్లకు మాత్రం పెద్దది.

వచ్చినప్పుడు ఏం చేయాలి? కొటేషన్‌ను వాట్సాప్‌లో ఒక్క అంకెగా తీసుకోవద్దు. లెటర్‌హెడ్ మీద బ్యాటరీ ధర, పన్ను, కూలి, రవాణా, డిపాజిట్ విడివిడిగా రాయించుకోండి. డిపాజిట్ పుచ్చుకున్నది డీలరా, కంపెనీయా, మధ్యలో ఉన్న గ్యారేజీయా? ఎన్ని రోజుల్లో, ఏ ఖాతాలో తిరిగి వేస్తారు? ఏ స్థితిలో ఉన్న బ్యాటరీకి ఎంత కోస్తారు? పాత ప్యాక్ మీది సీరియల్ నంబర్‌ను, విప్పేముందు దాని స్థితిని ఫోన్‌లో ఫొటో తీయండి. ఆ నంబర్ రసీదు మీద కూడా ఉండాలి. పగుళ్లు ముందే ఉన్నాయా, మోసేటప్పుడు వచ్చాయా అన్న తగువుకు ఆ ఫొటో ఒక్కటే సాక్ష్యం. కొత్త ప్యాక్ వారంటీ ఎన్నాళ్లో కూడా అక్కడే రాయించండి. వారంటీలో మార్చిన బ్యాటరీకి చాలాసార్లు పాత వారంటీలో మిగిలిన కాలమే వర్తిస్తుంది.

డిపాజిట్ ఎగ్గొడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్నది హైదరాబాద్‌లో అయినా మీరు ఉండే జిల్లాకు చెందిన కమిషన్‌లోనే కేసు వేసుకునే హక్కు 2019 చట్టం ఇచ్చింది. ట్యాక్సీ నడుపుకుని బతికేవాళ్లు కూడా స్వయం ఉపాధి కింద వినియోగదారులే. ఐదు లక్షల లోపు కట్టిన వస్తువుకు ఫీజు లేదు, ఐదు నుంచి పది లక్షల దాకా 200 రూపాయలు. గడువు రెండేళ్లు.